కమాను బోల్టు

పోయిన నెల ఆత్మకూరులో ఒక మెకానిక్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఉదయగిరిలో చుట్టాలింటికి వెళుతుంటే మా మేనల్లుడి కారు కింద ఏదో టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెకానిక్ పాతికేళ్ళ కుర్రవాడు. బండి కిందికి దూరి, "బోల్టు తల అరిగిపొయ్యుండాది సార్, పానాకి దొరకడం లే" అన్నాడు. మేనల్లుడు ముఖం వేలాడేశాడు. నేను మాత్రం నడుము నొప్పి మరచిపోయి, కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆ అబ్బాయి అరిగిన తల మీద ఇంకో నట్టు పెట్టి, వెల్డింగు చుక్క వేసి, ఎర్రగా ఉండగానే పానా పట్టి తిప్పాడు. వచ్చేసింది. నా చేతిలో కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. "అంతేనా నాయనా?" అన్నాను. "అంతే అవ్వా, ఇంకేముంటాది?" అన్నాడు, ఊడిన బోల్టును పక్కనున్న డబ్బాలోకి విసిరేస్తూ.

ఇంకేముంటుందో అతనికి చెప్పలేదు. వినే తీరిక అతనికి లేదు, వెనక మరో రెండు బళ్ళు కాచుకుని ఉన్నాయి. నా పదిహేడో ఏట మా ఇంటి ముందు అలాంటి బోల్టు ఒకటి తీయడానికి పూర్తిగా ఒక పూట పట్టింది. తీసింది మా నాయన. ఆ పూట తర్వాత మా ఇల్లు మునుపటి ఇల్లు కాదు.

ఇల్లు ఉదయగిరిలో దుర్గం కొండ వైపు పోయే వీధిలో ఉండేది. రెండంకణాల ఇల్లు, పక్కన తాటాకు పందిరి, పందిరి కింద కారు. ఏటా ఇంటికంటే ముందు పందిరికి ఆకు మార్చేవాళ్ళు. వానకు మేము తడిసినా పరవాలేదు, బండి తడవకూడదు. అది మద్రాసులో ఎవరో దొర వాడి, తెల్లవాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు వదిలేసి పోయిన కారు. మూడు చేతులు మారి నాయన దగ్గరకు వచ్చింది. ఆయన దాన్ని బాడుగకు తోలేవాడు. పెళ్ళివాళ్ళు, కోర్టు వాయిదాలకు పోయేవాళ్ళు, నొప్పులు పడే ఆడవాళ్ళు, అందరికీ ఆ బండే. బస్సు లేకపోలేదు, కానీ అది రావాలనుకున్నప్పుడు వచ్చేది. నాయన చెప్పిన వేళకు వచ్చేవాడు. "సుబ్బయ్య వస్తానన్నాడంటే పొద్దు పొడిచినట్టే" అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, ఊరుకునేది కాదు. "నా కొడుకువి గద్ద కళ్ళు. దుర్గం మింద మేక మేస్తా ఉంటే అది పోతో పెంటో ఈడ్నించి చెప్పేస్తాడు" అనేది.

పొద్దున్నే మా ఇంట్లో రెండు వాసనలు కలిసి లేచేవి. ఎదురింటివాళ్ళు చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు. వాళ్ళు ఊడ్చి పోసిన చెక్కపొట్టు తెచ్చి అవ్వ నీళ్ళ పొయ్యిలో వేసేది. ఆ కమ్మని పొగ ఒకటి. పందిరి కింద నుంచి పెట్రోలు, గ్రీజు, మాడిన ఆయిలు కలిసిన వాసన ఇంకొకటి. ఇప్పటికీ పెట్రోలు బంకులో కారు అద్దం దించమని గొడవ చేస్తాను, మేనల్లుడు నాకు మతి పోయిందనుకుంటాడు. నాయన నిద్రలేచి పళ్ళు తోముకోకముందే వెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి ఆనించేవాడు, పసిబిడ్డకు జ్వరమేమో చూసినట్టు. బండి పని అయ్యాక కిరసనాయిలు రాసి, బూడిదతో తోమి, చింతపండు తొక్కుతో రుద్దినా ఆయన గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. అవ్వ బర్రెతో ఎలా మాట్లాడేదో బండితోనూ అలాగే మాట్లాడేది. ప్రతి ఆయుధపూజకూ ముందు చక్రం దగ్గర టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు ఒక్క చుక్క నేలపాలు కాకుండా చక్రం వెనక ఇనుము మీద పోసేది. బరువంతా మోసేది అక్కడే కాబట్టి దాహం కూడా అక్కడే ఎక్కువట. వద్దని నాయన చెప్పి చెప్పి మానుకున్నాడు.

అమ్మ నా పదో ఏట పోయింది. ఆమె చేతి పనిలో మాకు మిగిలింది నాయన పానాలు పెట్టుకునే గుడ్డ. మందపాటి దుప్పటి ముక్క మీద చిన్న పానా నుంచి పెద్ద పానా దాకా వరసగా జేబులు కుట్టింది. నాయన బండి కింద వెల్లకిలా పడుకుని, పక్కన ఆ గుడ్డ పరుచుకుని, పైన బోల్టు మీదే దృష్టి పెట్టి చెయ్యి చాపేవాడు. గుడ్డ వైపు చూసేవాడు కాదు. చెయ్యి పోయిన చోటే కావలసిన పానా ఉండేది. ఆయుధపూజకు ఆ పానాలన్నీ తీసి, కుంకుడు రసంతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూజయ్యాక తుడిచి మళ్ళీ జేబుల్లో సర్దడం అమ్మ పని. ఆమె పోయాక అది నాకు వచ్చింది. ఏడేళ్ళు తప్పు లేకుండా సర్దాను. ఆ ఏడు మాత్రం ఎదురింటి పిల్ల పెళ్ళిచూపుల కబుర్లు వింటూ సర్దాను. రెండు పానాలు తారుమారయ్యాయి. పక్కపక్క సైజులవి, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, మీద చెక్కిన అంకె చూస్తే తప్ప తేడా తెలియదు. నాకు తెలియనే లేదు.

నాయనకు స్నేహితుడంటే ఒక్కడే, ఖాదర్ సాయిబు. బజారు చివర కొలిమి ఆయనది. బండి చక్రాలకు కట్లు, నాగళ్ళకు కర్రులు చేస్తూ చేస్తూ కారు ఇనుము కూడా నేర్చుకున్నాడు, కారు తోలడమూ నేర్చుకున్నాడు. ఇద్దరూ ఒరే అంటే ఒరే అనుకునేవాళ్ళు. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన కూతురు బీబీకి పెళ్ళైన ఆరేళ్ళకు మగబిడ్డ పుట్టాడు. బిడ్డ పుడితే అనుమసముద్రంపేట దర్గాకు తెస్తామని మొక్కు. పోయేది నాయన బండిలోనే అని బిడ్డ పుట్టకముందే తేలిపోయింది. ఆయుధపూజ అయిన నెలకు ప్రయాణం పెట్టుకున్నారు. దానికి రెండు రోజుల ముందు ఆత్మకూరు నుంచి వస్తూ నాయన బండిని గుంటలో దించాడు. ముందు చక్రం కమాను విరిగింది. కమాను అంటే బండి బరువును చక్రం మీద మోసే ఉక్కు పట్టీల కట్ట. గుంటల్లో దించనివాడు ఎందుకు దించాడని అవ్వ అడగలేదు, నేనూ అడగలేదు. ఖాదర్ మామ కొత్త పట్టీ కొట్టి తెస్తానన్నాడు, ఈలోగా పాతది విప్పి ఉంచడం నాయన వంతు.

మర్నాడు పొద్దున నేను తిన్నె మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. పందిరి కింద నాయన పని మొదలుపెట్టాడు. కమాను ముందు కొసను బండి చట్రానికి పట్టి ఉంచే బోల్టు ఒకటుంటుంది, అది తీయాలి. జర్రుమని ఇనుము జారిన చప్పుడైంది. కాసేపటికి మళ్ళీ జర్రుమంది. నాయన చేతిలో బోల్టు జారడం నేను అంతకుముందు విననే లేదు. మూడోసారి బలమంతా పెట్టి లాగినట్టున్నాడు, పానా జారి పిడికిలి చట్రానికి గుద్దుకుంది. బయటికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయింది.

"ఏమైంది నాయనా?"

"ఏం లేదు పాపా. పట్టేసింది."

అప్పుడే ఖాదర్ మామ కొత్త పట్టీ భుజాన వేసుకుని వచ్చాడు. బండి కిందికి తల పెట్టి చూశాడు. బయటికి వచ్చేటప్పటికి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఒరే సుబ్బయ్యా, బోల్టు తల గుండ్రంగా అయిపొయ్యిందే. ఎవురు పట్టినారు దీన్ని?"

"నేనే."

"ఏ పానాతో?"

నాయన చూపించాడు. ఖాదర్ మామ దాన్ని ఎండలోకి తీసుకుపోయి తిప్పి చూశాడు. "ఇది దానిది కాదు గదరా. ఒక సైజు పెద్దది."

"దాని జేబులోదే తీసినా."

నా చేతిలో చేట ఆగిపోయింది. లేచి వెళ్ళి, "నేనే తప్పు పెట్టినాను మామా, పూజ నాడు" అన్నాను.

"నువ్వు పెట్టినావు సరే పాపా. వీడు చూడాల గదా. ఇన్నేళ్ళ నుంచి బోల్టులు ఇప్పతా ఉండేవోడు..." అంటూ ఖాదర్ మామ ఆగిపోయాడు. నాయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత పానాను ఆయన ఎదుట పట్టుకుని, "ఈ అంకె ఏందో చదువు" అన్నాడు.

నాయన పానా అందుకున్నాడు. బొటనవేలితో అంకె మీద తడిమాడు.

"వేలితో కాదురా," అన్నాడు ఖాదర్ మామ మెల్లగా. "కంటితో."

నాయన పానాను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. "రెండేళ్ళయి ఉండాది. ముందు పక్కలు పోయినాయి. ఎదరగా ఉండేది మసగ్గా కనపడతాది. నెల్లూర్లో చూపించినా. నీటికాసులంట. పోయింది రాదన్నాడు డాక్టరు. ఉండేది ఎన్నాళ్ళుంటాదో తెలీదన్నాడు. రోడ్డు నాకు తెలిసిందే గదా అని తోలతా ఉండా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో తిరుగుతూ నేను పట్టలేదు. ఆయన పొద్దు వాలాక బాడుగలు మానేస్తే వయసు మీదపడిందనుకున్నాను. బర్రెను కట్టే గుంజకు గుద్దుకుని బర్రెను తిడితే నవ్వాను. వచ్చిన ఉత్తరం నా చేతికిచ్చి చదవమంటే, నా చదువు చూసి మురిసిపోతున్నాడని గర్వపడ్డాను. ఆయన చూపు లేకుండా పని చేసుకుపోగలిగింది అమ్మ కుట్టిన జేబుల వరసను నమ్ముకుని. ఆ వరసను చెడగొట్టింది నేను.

ఖాదర్ మామ బండి వైపు తిరిగి, "సరే, ముందు ఇది రావాల" అన్నాడు. మగవాళ్ళు అంతే, గుండెలో ఏమున్నా చేతికి పని దొరికితే దాని వెనక దాక్కుంటారు. నిప్పు పెట్టాలి కాబట్టి అందరం కలిసి బండిని పందిరి కింద నుంచి వాకిట్లోకి నెట్టాం. బోల్టు చుట్టూ కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి నానబెట్టారు. చిన్న సుత్తితో తల చుట్టూ తట్టారు. కదల్లేదు. ఖాదర్ మామ వేలితో తుప్పు గీకి వాసన చూసి, "అమ్మా, ఇదంతా నీ టెంకాయ నీళ్ళే" అన్నాడు. అవ్వ నీళ్ళ కడవతో కాపలాగా నిలబడి ఉంది. "దేవుడికని పోసింది తుప్పెందుకు పడతాది? మీ చేతకానితనం నా మింద పెట్టబాకండి" అంది.

గుండ్రమైపోయిన తలకు ఆకురాయితో మళ్ళీ పలకలు తీయాలి. ఖాదర్ మామ ఆకురాయి పట్టుకుని కిందికి దూరబోతే నాయన చెయ్యి చాపాడు. "తే." మామ ఇచ్చేశాడు. నాయన బండి కింద పడుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను చక్రం పక్కన కూర్చుని చూస్తున్నాను, నిజంగానే మూసుకున్నాడు. పది సార్లు రాయడం, ఆగి వేలితో తడమడం, మళ్ళీ పది సార్లు. ఒక పక్క పలక తేలింది, ఎదురు పక్క కూడా తేలింది. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు. చిన్న పానా తెమ్మన్నాడు, అంకె నేను చదివి ఇచ్చాను. అది తల మీద చక్కగా కూర్చుంది. అప్పుడు ఖాదర్ మామ కొలిమి నుంచి తెచ్చిన నిప్పుల్లో కడ్డీలు ఎర్రగా కాల్చి ఒకదాని తర్వాత ఒకటి బోల్టు చుట్టూ ఇనుముకు ఆనించాడు. కాగిన ఇనుముకు తేనెమైనం ముద్ద అంటించాడు. కొండ తేనె పిండగా మిగిలిన మైనం. అది కరిగి సన్నగా చిటపటలాడుతూ మరల్లోకి ఇంకిపోయింది, వాకిలంతా తేనె కాలిన వాసన.

"ఇప్పుడు ఇప్పు," అన్నాడు మామ.

"ముందు బిగించాల," అన్నాడు నాయన. బిగించే వైపుకే కొంచెం నెట్టాడు. లోపల తుప్పు చిట్లిన చప్పుడు ఎవరికీ వినపడలేదు, ఆయన చేతికి తెలిసింది. అప్పుడు వెనక్కి తిప్పాడు. చుట్టులో పావు వంతు వచ్చి ఆగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. మళ్ళీ కాల్చడం, మళ్ళీ మైనం. "మొండోడు రాజుకన్నా బలవంతుడు. ఇది నీకంటే మొండిదిరా" అన్నాడు మామ. మధ్యాహ్నం అన్నం వేళకు ఆ బోల్టు నాయన అరచేతిలోకి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇంతా చేస్తే బొటనవేలంత ఉంది. నాయన నవ్వాడు. పొద్దున్నుంచీ అదే మొదటిసారి.

"చెయ్యి యాడికీ పోలేదురా," అన్నాడు ఖాదర్ మామ.

"చెయ్యి రోడ్డు చూడదు గదా," అన్నాడు నాయన.

కొత్త పట్టీ ఎక్కించి కొత్త బోల్టు బిగించారు. రేపటి ప్రయాణం మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఖాదర్ మామ తన సామాను ఒక్కొక్కటే తుడుచుకుంటూ జాగు చేస్తున్నాడు. నువ్వు తోలవద్దని మామ అంటాడేమోనని నాకు భయం. అనకపోతే అంతకంటే భయం. చివరకు ఆయన సామాను మూట భుజానికెత్తుకుని, "పొద్దున్నే బీబీని, బిడ్డని తీసుకోని వస్తాం" అని మాత్రం అన్నాడు. వాకిలి దాటబోతుండగా నాయన పిలిచాడు.

"ఖాదరూ. రేపు నువ్వు తోలు."

మామ వెనక్కి తిరగకుండానే, "నీ బండి నేనెందుకు తోలతా" అన్నాడు.

"నీ మనవణ్ణి నేను ఎక్కించుకోను."

ఖాదర్ మామ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మాట తన నోటితో రాకుండా నాయనకే వదిలిపెట్టాడని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. అన్నాల దగ్గర అవ్వ మజ్జిగ పోస్తూ, "నాకు ముందే చెప్పుంటే ఏం చేసుండేదాన్ని, ఇంకో టెంకాయ కొట్టుండేదాన్ని" అని కళ్ళు తుడుచుకుంది. నేను తినలేకపోయాను. సరిగ్గా సర్ది ఉంటే ఇదంతా బయటపడేది కాదు కదా అని ఏడ్చాను. "సరిగ్గా సర్దుంటే రేపు నేనే తోలుండేవాణ్ణి పాపా" అన్నాడు నాయన. అందులో దిగులెంతో ఊరట ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు నాయన మొదటిసారి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. నేను, అవ్వ, బీబీ, బిడ్డ వెనక. దారి పొడుగునా నాయన కుడికాలు మలుపు మలుపుకూ ఖాళీ పలకను తొక్కుతూనే ఉంది. సరిగ్గా ఖాదర్ మామ బ్రేకు తొక్కే క్షణానికే, ఒక్కోసారి మామ కంటే ముందు. "వాగు దిగతా ఉండాం, గేరు మార్చు" అనేవాడు, వాగు ఇంకా మాకు కనపడకముందే. దర్గా దగ్గర బీబీ బిడ్డను తెచ్చి ఆయన ఒళ్ళో పడుకోబెట్టింది. ఆయన బిడ్డ ముఖాన్ని తన ముఖానికి బాగా దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

మా కాలమే బాగుండేదనే వాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బాగున్న కాలంలోనే నాయన చూపు పోయింది. అదే నీటికాసులు నాకూ వచ్చాయి. పడుకునే ముందు ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసుకుంటాను, ఎనభై దాటినా ఈ కాగితం మీద గీతలు కనపడుతున్నాయి. ఆత్మకూరు కుర్రవాడి వెల్డింగు కూడా మంచిదే, ఎవరి వేళ్ళూ తెగనక్కర్లేదు. నాకు కావలసింది ఆ కాలం కాదు. బండి కింద కళ్ళు మూసుకుని ఇనుమును తడిమిన ఆ మనిషి కావాలి. ఆయన చేతి కిరసనాయిలు వాసన కావాలి. ఇంత వయసొచ్చి తండ్రి కోసం బెంగపడటమేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఉదయగిరికి తిరిగి వచ్చాం. ఖాదర్ మామ ఇంటి ముందు బీబీ, బిడ్డ దిగారు, అవ్వ కూడా బిడ్డకు దిష్టి తీస్తానని దిగింది. అక్కడి నుంచి మా ఇల్లు రెండు ఫర్లాంగులు. ఖాదర్ మామ ఇంజను ఆపకుండానే దిగి లోపలికి వెళ్ళిపోయాడు. నాయన జరిగి స్టీరింగు ముందుకు వచ్చాడు.

"పాపా, నువ్వు ముందు నడువు. నిన్ను చూసుకుంటా వస్తా."

నేను దిగి బండి ముందు వీధి మధ్యన నడిచాను. ఎదురొచ్చే కోళ్ళను తోలుతూ, ఆడుకునే పిల్లల్ని పక్కకు జరగమంటూ నడిచాను. వెనకాల బండి నా అడుగుకు అడుగుగా వస్తున్న చప్పుడు. వీధిలోని వాళ్ళు తిన్నెల మీద నుంచి లేచి నిలబడ్డారు. ముఖం తిప్పితే నా కళ్ళ నీళ్ళు ఆయనకు ఎక్కడ కనపడతాయో అని భయపడ్డాను, ఆ దూరానికి కనపడవని అప్పుడు తట్టలేదు. పందిరి దాకా వచ్చి పక్కకు తప్పుకుని, "వచ్చినాం నాయనా" అన్నాను. ఆయన బండిని గుంజలకు తగలకుండా లోపలికి పెట్టి ఇంజను ఆపాడు. బండి తోలుతుంటే ఆయన ముఖం ఎలా ఉండేదో రోజూ చూసినదాన్నే, అందుకే గుర్తుపెట్టుకోలేదు. ఆ చివరిసారి రెండు ఫర్లాంగుల దూరంలో నేను ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడలేదు.